ఖాళీ చేయకుండా ఇవ్వండి

“ఉన్నది ఉన్నట్టే ఇచ్చేయండి. లోపలివి మాత్రం చెరపకండి.”

గుమ్మంలో నిలబడ్డ నీలం చొక్కా మనిషి అడిగిందల్లా అంతే.

అన్నయ్య కళ్ళు చిట్లించాడు. అమ్మకానికి పెట్టింది టీవీ వెనక ఉండే నల్లటి బ్యాకప్ డ్రైవ్. చెల్లెలి భర్త బతికుండగా పెట్టుకున్నది. ఇంట్లో తీసిన ప్రతి ఫోటో, ప్రతి వీడియో అందులోకే చేరేది. ఎక్కడున్నా ఫోన్లో తెరిచి చూసుకోవచ్చు. మంచం పట్టాక ఆయన కూతురి కోసం తన గొంతుతో చెప్పి దాచిన కథలూ అందులోనే ఉన్నాయి. పాప రోజూ వాటిలో ఒకటి వినందే నిద్రపోదు.

“ఇంట్లోవాళ్ళ ఫోటోలతో సహా కావాలా నీకు?” అన్నాడు అన్నయ్య.

“అది కాదండీ. ఈ ఇంటాయనా నేనూ కలిసి...”

“ఆహా! మనిషి పోయాక ఎక్కడెక్కడి స్నేహితులో పుట్టుకొస్తారు. ఏమ్మా, ఈయన్ని ఎప్పుడైనా చూశావా?”

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. నిజంగానే చూడలేదు.

“ధర ఎంతన్నా ఇస్తాను. లేదంటే అమ్మకండి, వైరు పీకి అటక మీద పడేయండి. చెరపడం మాత్రం వద్దమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఆ మాటతో ఆమెకి భయం పట్టుకుంది. ముక్కూ మొహం తెలియని మగాడు తన కూతురి ఫోటోల కోసం కాళ్ళు పట్టుకుంటానంటున్నాడు.

“అన్నయ్యా, ఈ మనిషి వాలకం నాకేం నచ్చలేదు. ఇప్పుడే చెరిపెయ్.”

అన్నయ్యకి కావలసిందీ అదే. ఆ ఇంట్లో అన్నీ తెలిసినవాడు అతనే. అంటే అందరికంటే ముందు కొత్త ఫోన్ కొనేవాడు. ‘చిన్న డిస్కుతో పోయేదానికి పగలూ రాత్రీ కరెంటు తగలేస్తూ ఆ గుయ్‌మనే చప్పుడెందుకు’ అని అమ్మకానికి పెట్టించిందీ అతనే.

“మావన్నీ పొద్దున్నే వేరే డిస్కులోకి ఎక్కించేశాన్లే. భద్రంగా ఉన్నాయి,” అంటూ ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నాడు.

డ్రైవ్‌లో ఎవరో పిల్లవాడి పేరుతో ఇంకో ఫోల్డర్ కూడా ఉంది. పొద్దున దాన్ని ‘మనది కాదులే’ అని వదిలేశాడు. ఇప్పుడు అన్నిటితోపాటు దాన్నీ కలిపి డిలీట్ కొట్టాడు.

“ఆగండి! ముందు నెట్ వైరు తీసి...” అంటూ ఆయన లోపలికి రాబోయాడు.

అన్నయ్య లేచి ఒక్క తోపు తోశాడు. ఆయన వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు. ల్యాప్‌టాప్ తెరమీద గీత నిండిపోతుంటే అక్కణ్ణుంచే చూస్తూ ఉండిపోయాడు.

“ఖాళీ అయింది. ఇప్పుడు కొంటావా?”

“ఇంక అక్కర్లేదండీ.”

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

“చూశావా? సరుకు లేదనేసరికి తోక ముడిచాడు,” అన్నాడు అన్నయ్య. పెద్ద గండం గట్టెక్కినట్టు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

పాపకి కథ వినిపించడానికి ల్యాప్‌టాప్‌కి తగిలించబోతుండగా ఆ చిన్న డిస్కు అన్నయ్య చేతిలోంచే జారి గచ్చు మీద పడింది. మళ్ళీ తగిలిస్తే టక్ టక్‌మంటుందే తప్ప తెరుచుకోదు. బాగుచేసేవాడు చెవి దగ్గర పెట్టుకుని విని, లాభం లేదన్నాడు. నల్ల డ్రైవ్ కొనుక్కున్నవాడు ఎప్పుడో దాన్ని సినిమాలతో నింపేసుకున్నాడు.

“అమ్మా, నాన్న కథ.”

“రేపు విందువుగానీ, పడుకో.”

మర్నాడూ అదే మాట చెప్పింది. ఆ తర్వాత పాప అడగడం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడు గుర్తొచ్చాడు నీలం చొక్కా మనిషి. ‘ఈ ఇంటాయనా నేనూ కలిసి’ అన్నాడు. కలిసి ఏం చేశారు?

ఆయన నంబరు అన్నయ్య ఫోన్లో ఉంది. రమ్మంటే అన్నయ్యకి మొహం చెల్లలేదు. ఆమె ఒక్కతే బస్సులు మారి వెళ్ళింది.

చిన్న ఇల్లు. ఆయన భార్య కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. గూట్లో అచ్చం తమ ఇంట్లోదానిలాంటి నల్లటి డ్రైవ్. దాని పక్కన, దానికే తగిలించి, ఫోటోలు వాటంతటవే మారే కరెంటు ఫ్రేము. వెలుగుతోంది గానీ అందులో ఏమీ లేదు.

“మీవారూ నేనూ రోజూ ఒకే బస్సులో ఆఫీసులకి వెళ్ళేవాళ్ళం,” అన్నాడాయన. “ఇది కొనిపించింది ఆయనే. ఇల్లు తగలబడినా, దొంగలు పడినా పోకూడదని రెండు డ్రైవ్‌లనీ నెట్‌లో జత కలిపారు. మీవి మా ఇంట్లో, మావి మీ ఇంట్లో.”

ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“అయితే కథలు ఇక్కడ ఉన్నాయా అన్నయ్యగారూ?”

“లేవమ్మా. జత అంటే అదే. అక్కడ చేరింది ఇక్కడా చేరుతుంది, అక్కడ చెరిపింది ఇక్కడా చెరిగిపోతుంది. మీ అమ్మకం ప్రకటన చూడగానే ఆఫీసు నుంచి మీ ఇంటికే పరుగెత్తాను. ముందు ఇక్కడికొచ్చి దీని వైరు పీకాల్సింది. నాకు తోచలేదు.”

తోసినవాణ్ణి ఒక్క మాట అనలేదు. తప్పంతా తనదే అయినట్టు తల దించుకున్నాడు. ఆమెకి సిగ్గేసింది.

“ఆరోజు పోయేముందైనా చెప్పొచ్చు కదండీ.”

“అప్పటికే అయిపోయిందమ్మా. వేరే డిస్కులో ఉన్నాయన్నారుగా, మీవైనా మిగిలాయనుకున్నాను.”

ఆమె కళ్ళు తుడుచుకుంటూ లేచింది. క్షమించమనడానికి నోరు రాలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో ఒకటి అనాలని అడిగింది.

“ఆ ఫ్రేము పాడైందా?”

భార్య వెళ్ళి ఆ ఖాళీ అద్దాన్ని అరచేత్తో తుడిచింది.

“పాడవలేదమ్మా. మా అబ్బాయి పోయాక కూడా ఇందులో నవ్వుతూనే ఉండేవాడు, ఆరోజు ఈయన మీ ఇంటికొచ్చి వెళ్ళేదాకా.”