గోడ దాకా కొలత

యుద్ధం ముగిశాక అమెరికా సైనికులు ఆ జర్మన్ ఊరి నడిబొడ్డున కట్టుకున్న బేస్‌బాల్ స్టేడియాన్ని తెల్లారితే కూలగొట్టేస్తారు. దాని మీదే థీసిస్ రాస్తున్న చంద్రికకు ఇంకా ఒక్క కొలత మిగిలిపోయింది. బ్యాటు పట్టేవాడు నిలబడే చోటు నుంచి ఎదుటి గోడ దాకా. పాత నక్షాలో తొంభై రెండు మీటర్లని ఉంది. దూరం కొలిచే యంత్రం వేసే లేజర్ చుక్క పగటి వెలుగులో అంత దూరాన కనబడదు కాబట్టి చీకటి పడ్డాక వచ్చింది. థీసిస్‌లో ఇప్పటికే ఒకసారి ఫెయిలైంది. ఈసారీ తప్పితే వీసా పోయినట్టే.

గోడ దగ్గర తెల్ల అట్ట పట్టుకుని రూమ్మేట్ ఈషా నిలబడింది. బ్యాటు పట్టేవాడి చోట నిలబడి చంద్రిక మీట నొక్కింది. డెబ్బై ఒకటి.

“ముందుకొచ్చావేంటే? గోడకి ఆనుకో,” అంది ఫోన్లో.

“ఆనుకునే ఉన్న. నీ ఎర్రచుక్క నా అట్ట మీద పడ్తనే లేదు.”

మళ్లీ నొక్కింది. నలభై నాలుగు. టార్చి వేసి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు.

“ఈ ఒక్కసారికి సరిగ్గా చూపించవే తల్లీ,” అని యంత్రాన్ని బతిమాలుకుంటూ నొక్కింది.

పద్దెనిమిదిన్నర.

ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా అంకె మారలేదు. ఎక్కడో చూసిన అంకెలా ఉందని నక్షా విప్పింది. బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బకీ, బ్యాటు పట్టేవాడికీ మధ్య దూరం అది.

బ్యాటు ఉండాల్సిన చోట చంద్రిక చేతిలో ఉన్నది ఆ చిన్న యంత్రమే.

ఎదుట చీకట్లో ఎవరో కాలితో మట్టిని రెండుసార్లు గీరి, ఆగారు.