పాటొస్తే సోడా

రాజోలు సినిమా హాలు సైకిల్ స్టాండులో యాభై ఏళ్ళు పనిచేశాను. బొమ్మ ఎలా ఉందో ఊరంతా నన్నే అడిగేవారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే “బాగుంది” అనేవాణ్ణి. పాటల మాటకొస్తే మాత్రం ఎప్పుడూ ఒకటే: “బాగోలేవు.”

లోపలికెళ్ళి ఒక్క బొమ్మయినా చూడలేదని ఎవరికీ చెప్పలేదు.

నిన్న మా పెళ్ళిరోజని మా ఆవిడ వీరాయమ్మ నన్ను మ్యాట్నీకి లాక్కెళ్ళింది. నా గుట్టు బయటపడుతుందని ఒకటే దడ.

పాట వచ్చింది. “ఎలా ఉందండీ?” అంది.

చుట్టూ చూశాను. ఒక్కరూ లేవలేదు.

“బాగున్నట్టుందే.”

“ఆయ్! ఇన్నాళ్ళకి తమరికో పాట నచ్చిందండీ!”

ఇక దాచలేకపోయాను. “నేనెప్పుడు చూశానే సినిమా? పెళ్ళికి ముందు, పాట మొదలవగానే నువ్వు లేచొచ్చి స్టాండు పక్కన గోలీసోడా తాగేదానివి. పాటలు బాగోక వస్తున్నావనుకున్నాను. అదే అందరికీ చెప్పాను. తర్వాత అదే అలవాటైపోయింది.”

వీరాయమ్మ కుర్చీ ఊగిపోయేలా నవ్వింది.

“సోడా నాకు పడనే పడదండీ. ఎక్కిళ్ళొచ్చేస్తాయి. మీరు ఒక్కసారైనా తలెత్తి నా మొహంలోకి చూస్తారేమోనని వచ్చేదాన్ని. పాటలన్నీ బంగారంలా ఉండేవి!”

డెబ్భై మూడేళ్ళ వయసులో నా చెవులు వేడెక్కాయి. తెర మీద ఇంకో పాట మొదలైంది.

“సోడా తాగుదామా?” అన్నాను.

నాకన్నా ముందు తనే లేచింది.

బయట నాలుగు గుక్కలకే తనకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఈసారి తలెత్తే చూశాను.