లేడీస్ క్లాసు గేటు

"సీమోనూ, మిషన్ షురూ చెయ్యకు! ఆడోళ్ళు గేటుకాడ కూసున్నరు."

మేనేజరు రామ్‌చందర్ ఆయాసపడుతూ ఆపరేటర్ క్యాబిన్‌లోకి వచ్చాడు. సీమోను ప్రొజెక్టరులో పెట్టే కార్బన్ కడ్డీలు పక్కన పెట్టి కిటికీలోంచి చూశాడు. జహనుమా బస్తీలో ఇంటింటికీ పాలు పోసే ఆడవాళ్ళు, క్యాన్లు ముందు పెట్టుకుని టాకీసు గేటుకు అడ్డంగా కూర్చున్నారు. మధ్యలో సక్కుబాయి. ఇక్కడే లేడీస్ క్లాసు గేటు కాస్తుంది. ఈ ఇంగ్లీషు 'పెద్దల' సినిమాకు ఒక్క ఆడమనిషీ రాదు కనక, మొదటి రోజు తీరిగ్గా గేటు తెర పక్కన నిలబడి మొత్తం చూసింది.

"గా పిల్లను పాడుచేసే సీను గురించే సార్ లొల్లి," అన్నాడు సీమోను. "పోలీసులొస్తే పిక్చర్ చెక్ చేస్తరు. రెండో రోజు సంది ఎయ్యని ఆఖరి రీలు ఏదంటే ఏం జెప్పాలె? నా లైసెన్సు పోతది."

"మెల్లగ మాట్లాడు! గా సీను కాంగనే సగం హాలు లేస్తది. ఆఖరి రీలు ఎవనికి గావాలె? జల్దీ ఖాళీ అయితేనే ఇంకో షో పడతది."

సీమోను ఆ రీలు డబ్బాను కాలితో స్టూలు కిందికి నెట్టి, మేనేజరు వెంట మెట్లు దిగాడు.

గేటు బయట మార్నింగ్ షోకి వచ్చిన మగవాళ్ళు ఈలలేస్తున్నారు.

"ఏంది చిన్నమ్మా, నువ్వు గూడ చూస్తవా?"

సక్కుబాయి ముందున్న పాల క్యానును గేటుకు ఆనించింది.

"నౌకరీ ఫికర్ లేదా సక్కుబాయీ?" అన్నాడు మేనేజరు.

"మస్తున్నది సాబ్. ఇంట్ల సంపాదించేది నేనొక్కదాన్నే." పక్కనున్న అమ్మాయిని ముందుకు జరిపింది. "గీ ఎల్లమ్మ పాలు పోయవోతే, మీ హాల్లకెళ్ళి బయటికొచ్చినోళ్ళు చెయ్యి గుంజిండ్రు. సినిమాల లెక్కనే చేస్తమన్నరంట. మొదటి రోజు గీళ్ళే తలకాయలు దించుకొని పోయిండ్రు. యాదికున్నదా?"

మేనేజరుకు లేదు. సీమోనుకు ఉంది.

"సరే తల్లీ, రేపటి సంది దేవుని పిక్చర్ ఏస్త."

"వద్దు."

"పోనీ, గా సీను కోసేస్త. ఇప్పుడే!"

"కోసింది చాలు."

"మరేం గావాలె నీకు?"

సక్కుబాయి లేచి, మేనేజరును దాటి, సీమోను ముందుకొచ్చి నిలబడింది.

"ఆఖర్ల గా పిల్ల వాన్ని నరికే రీలు ఎయ్యి తమ్మీ."