అందని పత్రిక

"దసరా నుంచీ మీ పత్రిక ఒక్కరికీ అందలేదండీ," అన్నాడు ఆఫీసులో ఈమెయిళ్ల వ్యవహారం చూసే ఉదయ్ భాస్కర్. "ఒకేసారి అంతమందికి పంపుతున్నారుగా, చెత్త ప్రకటన అనుకుని కొత్త ఫిల్టర్ పారేస్తోంది."

ఆఫీసు హైటెక్ సిటీకి మారిన దగ్గర్నుంచీ సంయుక్త ఆదివారాలన్నీ కథలు రాయడానికే ధారపోసి, వారం వారం ఆఫీసులో అందరికీ ఈమెయిల్లో పత్రికగా పంపుతోంది. లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్లూ "ఈ వారం అదిరింది" అన్నవాళ్లే.

పక్క సీటు ప్రవీణ వైపు తిరిగింది.

"పొద్దున నా కథ చదివి ఏడ్చేశానన్నావు కదే?"

ప్రవీణ కీబోర్డు మీద లేని దుమ్ము తుడవసాగింది.

"ఇప్పుడే సరిచేస్తానండీ, ఇక అందరికీ అందుతుంది," అన్నాడు ఉదయ్ భాస్కర్.

"వద్దులెండి," అంది సంయుక్త. "అందకపోతేనే బాగా చదువుతున్నారు."