ఎర్రబడే గాజు

గుబులు పుడితే ఎర్రబడే గాజులు వచ్చాక ఆడవాళ్లందరూ వేసుకునేది ఆ ఒక్క గాజే. వీరభద్రం ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్ష ఫలితం సాయంత్రం వస్తుంది. ఎవరికీ చెప్పొద్దని భార్య హైమావతి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆమె గాజు మాత్రం పొద్దుటినుంచీ ఎర్రగానే ఉంది.

"ఏంటి వదినా, అన్నయ్యతో పోట్లాడావా?" అని పక్కింటి సూరమ్మ గోడమీంచి నవ్వింది.

హైమావతికి తల కొట్టేసినట్టయింది. లోపలికొచ్చి గాజు తీసి బొడ్లో దోపుకుని, భర్తకు కాఫీ తీసుకెళ్లింది.

బోసి చేతులు చూసి ఆయన గ్లాసు అందుకోలేదు.

"అప్పుడే తీసేశావేమే? రిపోర్టు ఇంకా రాలేదుగా!"

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. గాజు బయటికి తీసింది. ఆయనే అందుకుని, ఆమె చేతికి తొడిగాడు. అది మళ్లీ భగ్గున ఎర్రబడింది.

"ఉండనీ," అన్నాడు. "ఎవరైనా అడిగితే ఉన్నమాట చెప్పు."