కళ్ళజోడుకు దారం

అక్క కళ్ళజోడు కాడ ఊడిపోయింది.

"పదక్కా, కొత్తది తెచ్చుకుందాం."

"దండగే! దారం కట్టు, దీంతోనే గడిచిపోతుంది."

"పీనాసి!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

దారం కోసం నా గదిలోకి వెళ్ళాను. ల్యాప్‌టాప్‌లో పొద్దుటి మెయిలు ఒకటి తెరవకుండా ఉంది. "మీ మీటింగు రికార్డింగు అందరికీ పంపాం."

పొద్దున ఆ వీడియో మీటింగులో అక్కను చూసే డాక్టరుతో నేనొక్కదాన్నే మాట్లాడాను. అక్కకూ పిలుపు పంపాను కానీ, నిద్రపోతోందని లేపలేదు.

"ఇక మందులు పనిచేయవమ్మా. వేసవి దాకా ఉంటే గొప్పే," అన్నాడాయన.

"అక్కకు మాత్రం చెప్పకండి సార్," అని బతిమాలాను.

అది ఆఫీసు ల్యాప్‌టాప్. అందులో ఏ మీటింగైనా దానంతటదే రికార్డవుతుంది, పిలిచినవాళ్ళందరికీ లింకు వెళ్ళిపోతుంది. ఆ సంగతే మర్చిపోయాను.

గబగబా రికార్డింగు తెరిచి తుడిచేయబోయాను. కింద 'చూసినవారు' అన్నచోట అక్క పేరుంది. మధ్యాహ్నమే చూసింది.

"దారం దొరికిందటే?" పక్కగదిలోంచి అక్క కేకేసింది.

"ఆఁ, వెతుకుతున్నా."

"ఏదో ఒకటి తేవే. మరీ గట్టిదేం అక్కర్లేదులే."