పెద్దరికం వెలగబెట్టిన లైబ్రరీ

పెళ్లివంటల గాడిపొయ్యి కూడా తెర మీద రాసింది చదువుకుని తనే వండే రోజులవి. సింహాద్రి దాని ప్రోగ్రాముకి తెలుగు అక్షరాల లైబ్రరీ అతికిస్తుంటే, ఆ అక్షరాలెక్కడున్నాయో తెలియదని ఆ రెంటినీ కలిపే లింకర్ పదోసారి మొరాయించింది. బయట మూడొందలమంది పెళ్లివారు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చున్నారు.

"ఏం అల్లుడూ, పులిహోర ఈ పెళ్లికేనా, వీళ్ల మనవల పెళ్లికా?" అంది వంటల సూరమ్మ.

"అన్నీ సరిగ్గానే రాశానత్తా. పెద్దది కదాని లింకర్‌కిచ్చే వరుసలో లైబ్రరీ పేరే ముందు వేశాను."

"శుభలేఖనుకున్నావా? జనం కూర్చోకముందే నేను వడ్డిస్తానా? అడిగే ప్రోగ్రాము ముందు, ఇచ్చే లైబ్రరీ వెనక."

సింహాద్రి లెంపలేసుకుని లైబ్రరీని వరుస చివరికి నెట్టాడు. లింకర్ కిక్కురుమనలేదు. పొయ్యి భగ్గుమని, "తప్పుకోండి, పోపు పెడుతున్నాను" అని అచ్చతెలుగులో రాసింది. ఆ ఘుమఘుమకి పక్కూరి పెళ్లిలో తిని చేతులు కడుక్కున్నవాళ్లు సైతం విస్తళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.